రాగిరేకు మీద ముఖాలు: రొబేర్ నాంతెయ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఉలి, ఒక రాగిరేకు, నల్ల సిరా. ఇంతకు మించి ఏమీ లేకుండా మనిషి ముఖాన్ని మన ఎదుట నిలబెట్టినవాళ్ళలో రొబేర్ నాంతెయ్‌ని మించినవాడు నాకు కనబడలేదు. పాత ప్రింట్ల సంగతి ఎత్తినప్పుడల్లా మిత్రులూ విద్యార్థులూ అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. వాటికి తీరిగ్గా జవాబులు రాద్దామని కూర్చున్నాను. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, కొన్నిటికి అవదు.

ఇంతకీ ఎవరీయన?

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి ప్రింట్ కళాకారుడు. ఫ్రాన్స్‌లోని రాన్స్ పట్టణంలో 1623 ప్రాంతంలో ఉన్ని వర్తకుడి ఇంట పుట్టాడు. 1678 డిసెంబరు 9న పారిస్‌లో కన్నుమూశాడు. మొత్తం మీద 200కు పైగా రాగి ఫలకాలు చెక్కాడు. కొద్ది మినహా అన్నీ రూపచిత్రాలే. దేవుళ్ళ కథలు, యుద్ధాలు, ఊళ్ళ దృశ్యాలు తోటివాళ్ళకి వదిలేసి, ఈయన బతుకంతా మనుషుల ముఖాల మీదే పెట్టాడు. పద్నాలుగో లూయీ రాజుకు ఆస్థాన చిత్రకారుడు, చెక్కుడు పనివాడు అయ్యాడు.

పేరు ఎలా పలకాలి?

రొబేర్ నాంతెయ్. చివర ‘ల్’ రాసి ఉంటుంది గాని పలకరు.

ఎన్‌గ్రేవింగ్ అంటే చెక్కడమేగా? చెక్కింది కాగితం మీదికి ఎలా వస్తుంది?

పెడన కలంకారీ చూసినవాళ్ళకి ఒక రకం అచ్చు బాగా తెలుసు. టేకు దిమ్మె మీద పువ్వు గీసి, చుట్టూ ఉన్న చెక్క తొలిచేస్తారు. పువ్వు పైకి తేలుతుంది. తేలినచోట రంగు అంటుకుంటుంది, బట్ట మీద ఒత్తితే పువ్వు పడుతుంది. నాంతెయ్ చేసినది సరిగ్గా దీనికి తలకిందులు. ఈయన చెక్కిన గీతలోనే, ఆ సన్నటి పల్లంలోనే సిరా ఉంటుంది. పైభాగం శుభ్రంగా తుడిచేస్తారు. తడి కాగితాన్ని గట్టిగా అదిమితే అది ఆ పల్లంలోకి దిగి సిరాని పైకి తెచ్చుకుంటుంది. అందుకే అసలు ప్రింట్ మీద గీత కాగితం కంటే రవ్వంత ఎత్తుగా ఉంటుంది.

రాగిరేకు మీద చెక్కడం మనకు కొత్తేమీ కాదు. రాజులు ఇచ్చిన దానాలు తామ్రశాసనాలకు ఎక్కాయి. తాళ్ళపాక వారి సంకీర్తనలు వేల కొద్దీ రాగిరేకుల మీద తిరుమలలో నిలిచి ఉన్నాయి. కానీ ఆ రేకు చదవడానికి, దాచడానికి. అక్షరం నేరుగా చెక్కుతారు, రేకే గ్రంథం. నాంతెయ్ చేతిలోని రేకు గ్రంథం కాదు, అచ్చు పోసే మూస. దాని మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. కుడి చెంప ఎడమకి పోతుంది. అదే లోహం, కంసాలి చేతికి అలవాటైనలాంటి ఉలే. పని మాత్రం వేరు. యూరప్‌లో ఈ విద్య పుట్టింది కూడా పదిహేనో శతాబ్దంలో కంసాలుల కొట్లలోనే.

ఒక ఫలకం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ప్రింట్ తీసేదాకా ఏమేం చేస్తారు?

ముందు రాగిని సుత్తితో కొట్టి, రుద్ది, నీళ్ళ అద్దంలా నున్నగా చేస్తారు. బొమ్మ గీసుకున్న కాగితం నుంచి ముఖ్యమైన గీతలు రాగి మీదికి దించుతారు. ఆ తర్వాత వస్తుంది బ్యూరిన్. ఉక్కు కడ్డీ, చివర ఏటవాలుగా కోసి పదును పెట్టినది. వెనక పుట్టగొడుగు ఆకారంలో చెక్క పిడి. ఆ పిడి అరచేతిలో ఇముడుతుంది. వేళ్ళు దారి చూపుతాయి, తోసేది అరచేయి. కత్తితో కోసినట్టు తన వైపు లాగరు, ముందుకు నెడతారు. రాగి సన్నటి తీగలా చుట్టుకుంటూ లేస్తుంది.

ఫలకం కింద ఇసుక నింపిన తోలు దిండు ఉంటుంది. వంపు గీత కావాలంటే చేయి తిప్పరు, ఎడమ చేత్తో ఫలకాన్నే తిప్పుతారు. ఒకసారి ఒక వర్క్‌షాప్‌లో నేను ఇది చేసి చూశాను. రెండు అంగుళాల రేకు మీద కనుబొమ చెక్కాలని కూర్చున్నాను. నెట్టే బలం కొద్దిగా పెరగ్గానే ఉలి లోతుకు దిగి ఆగిపోయింది. బలం తగ్గించగానే పైన జారి, కన్ను ఉండాల్సిన చోట అడ్డంగా గీత పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే పది గీతలు తిన్నగా వచ్చాయి. నాంతెయ్ ఫలకాల మీద గీతలు వేలల్లో ఉంటాయి. ఒక్కొక్కటీ సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ సూదిమొనలా ముగుస్తుంది. ఆ రోజు తర్వాత ఆయన ప్రింట్ దేన్నీ నేను తొందరగా చూసి పక్కన పెట్టలేకపోయాను.

చెక్కడం అయ్యాక అంచుల్లో లేచిన రాగి పొరని గీకేస్తారు. నువ్వులూ కొబ్బరీ కాదు, అవిసె నూనెని మరగబెట్టి అందులో నల్లపొడి నూరి చేసిన చిక్కటి సిరాని గీతల్లోకి పట్టిస్తారు. పైన ఉన్నదాన్ని బట్టతో, చివరికి అరచేత్తో తుడుస్తారు. తడిపిన కాగితం కప్పి, పైన దళసరి ఉన్ని గుడ్డ వేసి, రెండు రోలర్ల మధ్య నుంచి నడిపిస్తారు. మన చెరుకు గానుగలాగే ఒత్తిడి అంతా రోలర్లదే. ప్రతి కాపీకీ ఈ తతంగమంతా మళ్ళీ మొదటి నుంచే.

తప్పు చెక్కితే చెరిపేయొచ్చా?

చెరిపేయడం అంటూ లేదు గాని సర్దుకోవచ్చు. తప్పుపడిన చోట రాగిని గీకి, రుద్ది నున్న చేస్తారు. అక్కడ పల్లం పడుతుంది కాబట్టి ఫలకాన్ని తిరగేసి, వెనక నుంచి సరిగ్గా అదే చోట సుత్తితో కొట్టి పైకి లేపుతారు. చిన్న తప్పుకు అర పూట పని. ఇది తెలిస్తే పాత ప్రింట్లలో ‘స్టేట్’ అనే మాట ఎందుకు వాడతారో అర్థమవుతుంది. ఫలకంలో మార్పు జరిగిన ప్రతిసారీ తీసిన ప్రింట్లు ఒక స్టేట్. బిషప్పు ఆర్చిబిషప్పు అయితే కింద బిరుదు మార్చాలి, అదో స్టేట్.

ఆయన ఈ పనిలోకి ఎలా వచ్చాడు?

చదువుకోవడానికి వెళ్ళి, చెక్కుతూ బయటికొచ్చాడు. రాన్స్‌లో జెసూయిట్ పాదిరీల కళాశాలలో తత్వశాస్త్రం చదివాడు. ఆ రోజుల్లో పట్టా కోసం సిద్ధాంతాన్ని పండితుల ముందు వాదించి నెగ్గాలి. ఆ వాదన ప్రకటించే పత్రం పైన బొమ్మ వేయించుకోవడం రివాజు. 1645లో నాంతెయ్ తన పత్రానికి బొమ్మ ఎవరి చేతా వేయించుకోలేదు, తానే చెక్కుకున్నాడు.

ఊళ్ళో నికొలా రెనేసన్ అనే చెక్కుడు పనివాడి దగ్గర పని నేర్చుకున్నాడు. ఆయన సోదరినే పెళ్ళాడాడు. గురువు బావమరిది కూడా అయ్యాడు. ఆ తర్వాత బతుకుతెరువు కోసం 1640ల చివర్లో పారిస్ చేరాడు.

పారిస్‌లో మొదటి గిరాకీ ఎలా దొరికింది?

దీని మీద పాత జీవితచరిత్రలన్నీ చెప్పే కథ ఒకటుంది. నాంతెయ్ దగ్గర తాను గీసిన రూపచిత్రం ఒకటి ఉండేది. సోర్బాన్ దగ్గర విద్యార్థులు తిండికి చేరే ఒక పూటకూళ్ళ ఇంటికి దాన్ని పట్టుకెళ్ళి, ‘ఈ బొమ్మలో ఉన్నాయన ఇక్కడికి వస్తుంటాడట, మీకేమైనా తెలుసా’ అని అడిగాడు. అలాంటివాడు ఎవరూ లేరని అతనికీ తెలుసు. బొమ్మ చేతులు మారింది. మనిషిని వెతకడం మానేసి అందరూ గీత చూడటం మొదలుపెట్టారు. ఎవరు గీశారు, ఎంత తీసుకుంటారు అని అడిగారు. ధర తక్కువే చెప్పాడు. ఆ బల్ల దగ్గరే బేరాలు కుదిరాయి.

కథలో మసాలా కొంత ఉండొచ్చు. అయినా నాకిష్టం, ఎందుకంటే ఆయన పద్ధతి అంతా ఇందులో ఉంది. పోలిక కుదిరిందా లేదా అన్నదే మొదటి ప్రశ్న, మిగతావన్నీ తర్వాత.

వేరేవాళ్ళ పెయింటింగులు చూసి కాపీ చేసేవాడేనా?

ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. చెక్కుడు పనివాడు అంటే ఎత్తిరాసేవాడు అని మనసులో పడిపోయింది. ఆ రోజుల్లో చాలామంది పని అదే, నిజమే. చిత్రకారుడు రంగుల్లో వేస్తాడు, చెక్కేవాడు దాన్ని నలుపు తెలుపుల్లోకి దించుతాడు. నాంతెయ్ కూడా అలాంటివి చేశాడు. స్వీడన్ రాణి క్రిస్టీనా బొమ్మ సెబాస్ట్యాన్ బుర్దోన్ వేసిన చిత్రం ఆధారంగా 1654లో చెక్కాడు. పారిస్ పార్లమెంటు (అప్పట్లో అది పెద్ద న్యాయస్థానం) ప్రథమాధ్యక్షుడు పొంపోన్ ద బెల్యేవ్ర్ బొమ్మకు ఆధారం షార్ల్ లె బ్రన్ చిత్రం. అది 1657 నాటిది. నేటికీ ప్రపంచంలోని గొప్ప రూపచిత్ర ప్రింట్లు నాలుగు చెప్పమంటే అందులో దాన్ని లెక్కపెడతారు.

కానీ ఆయన ఫలకాల మీద ఎక్కువగా కనిపించే మాట ‘అద్ వీవుమ్’. లాటిన్లో ‘ప్రాణంతో ఉన్న మనిషిని చూసి’ అని. అంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తానే గీసి, ఆ గీతనే రాగికి ఎక్కించాడు. చిత్రకారుడూ చెక్కేవాడూ ఒక్కడే. పెన్సిల్‌తో తోలుకాగితం మీద, రంగు సుద్దల పాస్టెల్‌తో కాగితం మీద గీసుకునేవాడు. ఆ పాస్టెల్ బొమ్మలు వాటికవే గొప్పవి.

ఆయన ముందు కూర్చున్న ఒక మనిషి ఆ సంగతి రాసి పెట్టాడు కూడా. ఇంగ్లండ్‌లో రాజు తల నరికాక ఆ పక్షంవాళ్ళు చాలామంది పారిస్‌లో తలదాచుకున్నారు. అప్పుడు అక్కడున్న జాన్ ఈవ్లిన్ అనే ఇంగ్లీషు రచయిత 1650 జూన్‌లో నాంతెయ్ ముందు కూర్చున్నానని, తన బొమ్మ రాగి మీద చెక్కాడని డైరీలో రాసుకున్నాడు. ఈవ్లిన్‌కి అప్పుడు ముప్పై కూడా నిండలేదు. తర్వాత 1662లో ఈ చెక్కుడు విద్య మీదే ఒక పుస్తకం రాసి అచ్చువేశాడు.

నల్ల గీతలతో చర్మం మెత్తగా ఎలా కనబడుతుంది?

పెద్ద సైజు బొమ్మ తెరిచి, పద్నాలుగో లూయీ 1664 నాటి ప్రింట్ చూడండి. రాజుకి పాతికేళ్ళు దాటిన వయసు, సన్నటి మీసం, భుజాల మీద పడే ఉంగరాల జుట్టు. దూరం నుంచి చూస్తే చెంప మీద వెలుగు జారిపోతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఆ చెంప మీదికి జూమ్ చేయండి.

వెలుగు బాగా పడేచోట ఏమీ లేదు, ఖాళీ కాగితం. దాని అంచున చుక్కలు మొదలవుతాయి. మిరపగింజంత కూడా ఉండవు, ఉలిమొనతో తాకి వదిలేసినవి. కొంచెం నీడలోకి వచ్చేసరికి చుక్కలు సాగి చిన్న చిన్న గీతలవుతాయి, పొట్టివి, ఎముక వంపు ఎటు తిరిగితే అటు తిరిగినవి. దవడ కిందికి దిగేసరికి ఆ గీతలు కలిసి పొడుగవుతాయి. ముక్కు పక్క లోతులో వాటి మీదుగా అడ్డంగా ఇంకో వరస పడుతుంది. ఎక్కడ చుక్క ఆగి గీత మొదలైందో వేలు పెట్టి చూపలేం. జుట్టు దగ్గర పద్ధతి మారిపోతుంది. పొడుగాటి గీతలు విడవకుండా పోతాయి, మెలిక దగ్గర లావవుతాయి. లోహం మెరవాలంటే గీతలు దగ్గర దగ్గరగా బిగుసుకుంటాయి. సన్న జాలీ కాలర్‌కి తెలుపు వదిలి, వెనకున్న నలుపుతో దాని నేత చూపిస్తాడు.

అంటే ఒక్కో వస్తువుకు ఒక్కో గీత భాష. చర్మానికి ఒకటి, జుట్టుకు ఒకటి, పట్టుకు ఒకటి. ఇది ఆయన ఒక్కరోజులో పట్టింది కాదు. మొదట్లో క్లోద్ మెలాన్ అనే మరో ఫ్రెంచి చెక్కుడు పనివాడి దారిలో, ఒకదాని పక్కన ఒకటి సాగే సమాంతర గీతలతోనే ముఖం తీర్చేవాడు. మెలాన్ 1649లో క్రీస్తు ముఖాన్ని ఒకే ఒక్క గీతతో చెక్కాడు. ముక్కు కొన దగ్గర మొదలైన గీత చుట్లు చుట్లుగా విస్తరిస్తూ, నీడ కావాల్సినచోట లావెక్కుతూ ముఖమంతా అయిపోతుంది. చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ అందులో చూసేది మెలాన్ చేతివాటం. నాంతెయ్ మెల్లగా ఆ బాట వదిలి, చేతిని వెనక్కి తగ్గించి, ముఖాన్ని ముందుకు తెచ్చాడు. నా లెక్కలో పెద్ద అడుగు అదే.

కళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. నాంతెయ్ బొమ్మల్లో మనిషి చూపు సాధారణంగా మన మీదే ఉంటుంది, కానీ గుచ్చినట్టు ఉండదు. అప్పుడే ఏదో విని జవాబు చెప్పబోతున్నట్టు ఉంటుంది. జాన్ లొరే అని పారిస్ కబుర్లు వారం వారం పద్యాల్లో రాసి పంచే కవి ఉండేవాడు. 1658లో చెక్కిన అతని బొమ్మ చూడండి. హోదా లేదు, అందగాడూ కాదు. మంత్రికి పెట్టినంత శ్రద్ధ అతని ముఖానికీ పెట్టాడు. ఎంతోమంది పెద్ద పదవులవాళ్ళ మధ్య నాకు ఈ లొరేనే ముందు గుర్తొస్తాడు.

అంతా తన చేత్తోనే చెక్కాడా?

ముఖం తనదే. అంచు పట్టీలు, బట్టలు, వెనక దృశ్యం లాంటివాటిలో ఇతరుల చేయి ఉండేది. 1659లో వచ్చిన ఒక పెద్ద ప్రింట్‌లో ఫ్రాన్స్ ప్రధానమంత్రి కార్డినల్ మజారిన్ తన భవనంలో, తాను పోగుచేసిన శిల్పాల మధ్య కూర్చుని ఉంటాడు. దృశ్యం గీసింది ఫ్రాన్స్వా షోవో, చెక్కింది పీటర్ వాన్ స్కుప్పెన్, తల మాత్రం నాంతెయ్. పెద్ద పని ఇలా పంచుకోవడం ఆనాటి కార్ఖానాల పద్ధతి, అందులో దాపరికం లేదు.

ఎవరెవరి బొమ్మలు చెక్కాడు?

రాజునీ, మజారిన్‌నీ చెరి పదిసార్లకు పైగా. రాజమాత ఆన్ దోత్రిష్, సేనాని త్యురెన్, మంత్రి కోల్బేర్, బిషప్పులు, న్యాయాధికారులు, పండితులు. ఆ కాలపు ఫ్రాన్స్‌ని నడిపినవాళ్ళ ముఖాలు మనకు తెలుసంటే సగం ఆయన చలవే.

నికొలా ఫుకే బొమ్మ దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. రాజ్య ఖజానా చూసిన మంత్రి, మహా వైభవంగా బతికినవాడు. 1661 నాటి ప్రింట్‌లో ధీమాగా, సున్నితమైన చిరునవ్వుతో ఉంటాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే రాజు అతన్ని అరెస్టు చేయించాడు. అతను మళ్ళీ బయటి గాలి పీల్చలేదు, 1680లో కోటలో ఖైదీగానే పోయాడు. అతన్ని పడగొట్టడంలో ముఖ్యుడైన కోల్బేర్ ముఖం కూడా అదే ఉలి చెక్కింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాంతెయ్ ఎవరి వైపూ మొగ్గలేదని తెలుస్తుంది. ఇద్దర్నీ ఒకే ఓపికతో చూశాడు.

1660 నాటి రాజాజ్ఞ గురించి వింటుంటాం. అదేమిటి?

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో చేతిపనులన్నిటికీ వృత్తి సంఘాలుండేవి. ఎవరు పని నేర్చుకోవాలి, ఎన్నేళ్ళు ఊడిగం చేయాలి, ఎవరు సొంత కొట్టు పెట్టుకోవచ్చు అన్నీ సంఘం చేతిలో ఉండేవి. చెక్కుడు పనివాళ్ళని కూడా ఆ గాటన కట్టేయాలని ప్రయత్నం జరిగింది. నాంతెయ్ అప్పటికే రాజు కొలువులో ఉన్నాడు. తన పలుకుబడి వాడాడని చెబుతారు.

1660 మే 26న పద్నాలుగో లూయీ స్పెయిన్ సరిహద్దున ఉన్న సాన్ జాన్ ద లూజ్‌లో ఆజ్ఞ జారీ చేశాడు. స్పెయిన్ రాకుమారితో తన పెళ్ళికి అక్కడికి వెళ్ళాడు, కొద్ది రోజుల్లో ముహూర్తం. చెక్కడం స్వేచ్ఛాకళ అనీ, అది మనిషి ఊహ మీద ఆధారపడినదనీ, చేతివృత్తుల సంఘాల కట్టడి దానికి వర్తించదనీ ఆ ఆజ్ఞ తేల్చింది.

కాగితం మీద ఒక హోదా మారితే ఏమైంది అనొచ్చు. చాలా అయింది. పనివాడు అన్నాయన్ని కళాకారుడు అన్నారు. వేరే దేశం నుంచి వచ్చినవాడు కూడా సంఘం అనుమతి కోసం పడిగాపులు పడకుండా పారిస్‌లో బల్ల వేసుకోగలిగాడు. ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన జెరార్ ఎదెలింక్ లాంటివాళ్ళు ఆ తర్వాతి ఏళ్ళలో పారిస్‌ని రూపచిత్ర ప్రింట్లకు రాజధాని చేశారు. చేతిపనికీ కళకీ మధ్య గోడ కట్టి చేతిపనిని కింద కూర్చోబెట్టే అలవాటు మన దగ్గరా ఉంది. ఆ గోడ పుట్టుకతో వచ్చింది కాదనీ, మనుషులు కట్టిందేననీ ఈ ఆజ్ఞ చదివినప్పుడు తెలుస్తుంది.

ఈ ప్రింట్లు ఎవరు కొనేవారు? దేనికి?

చేయించుకున్నవాళ్ళు బంధువులకూ ఆశ్రితులకూ పంచేవారు. పుస్తకాల ముందు పేజీకి వాడేవారు. పట్టా కోసం వాదించే ధనవంతుల బిడ్డలు తమ పత్రాన్ని ఏ రాజుకో మంత్రికో అంకితమిచ్చి, ఆయన తలని పెద్ద సైజులో చెక్కించేవారు. నాంతెయ్ చివరి ఏళ్ళలో చెక్కిన నిలువెత్తు తలకాయలు, అంటే అసలు మనిషి తలంత పెద్దవి, చాలావరకు ఇందుకోసం పుట్టినవే. తన పట్టా పత్రంతో మొదలైన పని అలా తిరిగి అదే చోటికి వచ్చింది.

ఇష్టంతో పోగుచేసుకునేవాళ్ళూ ఉండేవారు. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ ఉద్యోగి 1669 జనవరిలో, ఒక మిత్రుడు ఫ్రాన్స్ నుంచి తెచ్చిన నాంతెయ్ ప్రింట్లు చూసి, అందులో రాజుదీ కోల్బేర్‌దీ బొమ్మలు ఉన్నాయనీ ఎంతో బాగున్నాయనీ డైరీలో రాసుకున్నాడు. ఫొటో అనేది పుట్టడానికి ఇంకా 170 ఏళ్ళుంది. పొరుగు దేశపు రాజు ఎలా ఉంటాడో తెలియాలంటే ఇదే దారి.

రెంబ్రాంట్ కూడా అదే కాలంవాడు కదా. ఆయనది వేరే పద్ధతా?

వేరే. రెంబ్రాంట్ ప్రధానంగా ఎచింగ్ చేశాడు. రాగికి మైనం పూసి, సూదితో మైనాన్ని గీకి, ఆమ్లంలో ముంచితే గీసినచోట ఆమ్లం రాగిని తింటుంది. చేతికి బలం అక్కర్లేదు, కలంతో రాసినంత వేగంగా పోవచ్చు. బ్యూరిన్‌ది నాగలి నడక, ప్రతి గీతా బలంతో దున్నాలి. ఎవరు గొప్ప అని అడుగుతారు. అది నేను తూచను. ఒకటి మాట్లాడే గొంతు, ఇంకోటి పాడే గొంతు.

స్త్రీల రూపచిత్రాలు?

రాగి మీద తక్కువే, పాస్టెల్‌లో ఉన్నాయి. రచయిత్రి మద్లేన్ ద స్కుదెరీ తన బొమ్మ చూసుకుని నాలుగు పాదాల పద్యం చెప్పింది. అద్దంలో తన కళ్ళంటే తనకు గిట్టదట, నాంతెయ్ బొమ్మలో అవే కళ్ళు ముద్దొస్తున్నాయట. నాంతెయ్‌కీ పద్యం చెప్పే అలవాటుంది, బాగా చదివేవాడు కూడా. ఎదురుగా కూర్చున్నవాళ్ళు బిగుసుకుపోకుండా కబుర్లలో పెట్టగలిగిన మనిషి. ఆ ముఖాల్లో కనిపించే సడలింపుకు ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

శిష్యులు ఉన్నారా?

ఉన్నారు. మజారిన్ బొమ్మ దగ్గర చెప్పిన వాన్ స్కుప్పెన్‌ని ‘చిన్న నాంతెయ్’ అనేవారు. మనకు ఎక్కువ మేలు చేసినవాడు మాత్రం ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన డొమెనికో టెంపెస్టీ. టస్కనీ ప్రభువు మూడో కొసిమో అతన్ని నాంతెయ్ దగ్గరికి నేర్చుకోవడానికి పంపాడు. గురువు చివరి రోజుల్లో పక్కనుండి, ఆయన పనిచేస్తూ చెప్పిన మాటలు, పద్ధతులు రాసి పెట్టుకున్నాడు. చెక్కేవాళ్ళ చేతుల్లోని విద్య చాలావరకు వాళ్ళతోనే పోయింది. ఈ కాస్తా అలా నిలిచింది. నాంతెయ్ తన్ను తాను గీసుకున్న పాస్టెల్ కూడా కొసిమో సేకరణకే చేరింది, ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది.

ఇంత గొప్పవాడైతే మేం పేరు కూడా ఎందుకు వినలేదు?

ఫొటో వచ్చింది. ముఖాన్ని దించే పని యంత్రం తీసుకుంది. పాఠ్యపుస్తకాల్లో రాజుల బొమ్మలు తపాలా బిళ్ళంత చేసి వేశారు. ఆ సైజులో నాంతెయ్ గీత బూడిదరంగు మరకగా మిగులుతుంది. పైగా కళాచరిత్ర అంటే రంగుల చరిత్రగా నేర్చుకున్నాం. ఆయనది పెద్ద పేరు కాదనడం సరికాదు, మనకు ఆయన్ని సరైన సైజులో ఎవరూ చూపించలేదు.

ఎక్కడ చూడొచ్చు?

పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్, వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం. ఆ ఊళ్ళలో ఉన్న మన తెలుగువాళ్ళు ముందుగా రాసి సమయం తీసుకుంటే, కొన్నిచోట్ల ప్రింట్ల గదిలో బల్ల మీద పెట్టి చూపిస్తారు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి కూడా లోటు లేదు. చివరి మూడు సంస్థలూ పెద్ద సైజు బొమ్మలు ఉచితంగా దించుకోనిస్తాయి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ తెర మీద, ముందు చెంప, తర్వాత కన్ను, చివర్లో చుట్టూ ఉన్న అండాకారపు చట్రం చూడండి.

మా దగ్గర ఒక పాత ఫ్రెంచి ప్రింట్ ఉంది. అసలుదేనా?

ముందు భూతద్దం తీసుకోండి. వరసలు వరసలుగా ఒకే దూరంలో చుక్కలు కనబడితే అది యంత్రం మీద అచ్చయిన నకలు. గీత విడిగా, మధ్యలో లావై కొసలు సన్నబడి కనిపిస్తే ఆశ ఉంది. కాగితం అంచులకు లోపలగా నాలుగు పక్కలా ఫలకం నొక్కుకున్న గాడి ఉందేమో చూడండి. అది ఒక్కటే రుజువు కాదు, పందొమ్మిదో శతాబ్దపు నకళ్ళకూ ఉంటుంది, అసలు వాటికి చాలాసార్లు అంచులు కత్తిరించేశారు. కాగితాన్ని వెలుగుకు అడ్డంగా పట్టండి. చేత్తో తీసిన ఆ కాలపు కాగితమైతే దగ్గర దగ్గరగా సన్నగీతల జాడ, ఎక్కడో నీటిగుర్తు కనబడతాయి. గీతలు పలచబడి, చెంపల మీది చుక్కలు మాయమై ఉంటే ఫలకం అరిగాక తీసిన ప్రింట్ అన్నమాట. రాగి మెత్తన, ముందు పోయేవి ఆ చుక్కలే. అట్టకు జిగురుతో అతికించి ఉంటే మీరు పీకకండి, కాగితం బాగుచేసేవాళ్ళకి ఇవ్వండి. గీత ఎత్తు తెలుసుకోవడానికి వేలితో తడమొద్దు. చీకటి గదిలో టార్చి పక్కనుంచి కాగితం మీదుగా ఏటవాలుగా వేస్తే చాలు.